కృత్రిమ విమానములు: పొల మెవ్వరిది, పంట యెవ్వరిది?

మా పాఠశాలయందు కంప్యూటరు గది తలుపు తెరచినది మొదలు పై తరగతుల విద్యార్థులలో నొక వాదము నడచుచున్నది. విమానచోదనము నేర్పు సిమ్యులేటరు నొకదాని నా గదియం దుంచవలెనని యందఱి కోరికయు నొక్కటియే; ఏది యుంచవలెనన్నప్పుడు మాత్రము తరగతి రెండుగా చీలును, ఒక్కొక్కప్పుడు మూడుగా చీలును. మైక్రోసాఫ్టువారిది కన్నులపండువుగా నున్నదని కొందఱు, ఎక్స్‌ప్లేనులో విమానము నిజముగా విమానమువలె కదలునని కొందఱు, ఫ్లైట్‌గేరు ఉచితము గదా యని మఱికొందఱు. తలిదండ్రులలో ననేకులు ఈ మూటిలో నొకదాని పేరైనను విని యుండరు. కందిచేనికో, నాపఱాతి గనికో పోయివచ్చి, బిడ్డడు తెరమీద విమానము నడపుట చూచి, ఇది చదువా, ఆటా యని యడుగుచున్నారు. ఈ రెండు ప్రశ్నలను గూర్చియు మా యభిప్రాయమును ఈ సంచికయందు వ్రాయుట యుక్తమని తలంచితిమి.

ముందుగా పెద్దల ప్రశ్న. నేలమీదనే కూర్చుండి విమానమును నడపు రీతి నభ్యసించు సాధనమునకే సిమ్యులేటరని పేరు. దీని పుట్టుక విన్నచో మన ప్రార్థనామందిరమున హార్మోనియము వాయించు విద్యార్థులకు వింతగా తోచును. అమెరికాలో బింగ్‌హామ్‌టన్ పట్టణమున లింక్ అను కుటుంబమువారు ఆర్గను వాద్యములు చేయుచుండిరి. ఆ యింటి కుమారుడు ఎడ్విన్ లింక్‌నకు విమానములపై మోజు కలిగెను. నేర్చుకొనుటకు తగిన ధనము లేకుండెను. ఆర్గనునకు గాలి నూదు తిత్తులను, గొట్టములను గైకొని, చిన్న పెట్టెవంటి విమాన మొకటి చేసి, మీట నటునిటు త్రిప్పగా నది యొరగునట్లును లేచునట్లును 1929 నాటికి సిద్ధపఱచెను. మొదట దానిని కొన్నవారు ఉత్సవములలో రంగులరాట్నములు నడపువారే. 1934లో అమెరికా సైన్యమువారు టపా విమానముల భారము వహించి, మంచులోను తుపానులోను దారి తెలియక కొలదివారములలోనే పదిమందికి పైగా చోదకులను పోగొట్టుకొనిరి. అప్పుడు లింక్‌ను పిలిపించిరి. ఆ దినమున మంచు దట్టముగా నుండెను. ఇతడు రాలేడని యధికారులు మరలిపోవ నుద్యుక్తులై యుండగా, పరికరముల ముండ్లను మాత్రమే చూచుకొనుచు నతడు విమానముతో వచ్చి వాలెను. సైన్యమువారు ఆరు పెట్టెలు కొనిరి. పిమ్మట రెండవ ప్రపంచయుద్ధమున లెక్కకు మిక్కిలియైన చోదకులు ఆ పెట్టెలలోనే యభ్యసించిరి. హైదరాబాదున ఇండియన్ ఎయిర్‌లైన్సువారు నెలకొల్పిన శిక్షణ కేంద్రమునందును ఎందఱో చోదకులు ఎయిర్‌బస్ విమానమును మొదట సిమ్యులేటరులోనే నడపి చూచినవారు. కావున ఇది ఆటయే యందుమా, మొదట నాటగానే యమ్ముడుపోయినది; చదువే యందుమా, ప్రాణములు కాపాడినది. ఇంటి కంప్యూటరుపై గడపిన గంటలు మాత్రము లైసెన్సు కొఱకు లెక్కింపబడవు. వాణిజ్య చోదకుని లైసెన్సునకు మన దేశమున 200 గంటలు నిజముగా నెగురవలయును. ఈ సంగతి తలిదండ్రులు ముందే యెఱిగి యుండుట మేలు.

ఇక పిల్లల ప్రశ్న. ఏది గెలుచునని వారు వాదించుచున్నారు. మేమో, ఏది గెలిచినను దానిపై శ్రమించినవారి గతి యేమగునని యడుగుచున్నాము. ఎందువలన నిట్లడుగుచున్నామో తెలియవలెనన్న కొంత చరిత్ర యవసరము.

ఇంటి కంప్యూటరుపై నీ విద్యకు దారి వేసినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఆయన 1977లో సబ్‌లాజిక్ అను సంస్థను స్థాపించి, ఆపిల్ యంత్రమునకు విమానక్రీడ నొకదానిని కూర్చెను. మైక్రోసాఫ్టువారు ఆయన కూర్పును గైకొని 1982లో ఐ.బి.ఎం. కంప్యూటరునకు వెలువరించిరి. నాటి దృశ్యములు గీతలును చుక్కలును మాత్రమే. పెక్కేండ్లు ఆ క్రీడ తెరవగానే విమానము నిలిచి యుండు చోటు షికాగో సరస్సుగట్టున నున్న మెగ్స్ విమానాశ్రయము. 2003 మార్చి నెలాఖరున నొక రాత్రి నగరాధ్యక్షు నాజ్ఞచే దాని పరుగుబాటను త్రవ్వి పాడుచేసిరి. నేడచ్చట నుద్యానవన మున్నది. విమానము దిగుట మాత్రము క్రీడలలోనే సాధ్యము.

మన హైదరాబాదునకును ఇట్టిదే యొక కథ కలదు. మైక్రోసాఫ్టువారి పదవ కూర్పు, ఎఫ్.ఎస్.ఎక్స్. అని పిలువబడునది, 2006 అక్టోబరులో వెలువడెను. శంషాబాదు విమానాశ్రయము తెరువబడినది 2008 మార్చిలో. కావున ఆ కూర్పును కొన్నవాడు హైదరాబాదున దిగవలెనన్న బేగంపేటలోనే దిగవలెను. శంషాబాదు కావలెనన్నచో ఎవరో యొకరు పరుగుబాట పొడవును దిక్కును కనుగొని, భవనముల ఛాయాచిత్రములు సేకరించి, రాత్రివేళ దీపములు వెలుగునట్లు చేసి, మూలమునకు జతపఱుపవలెను. ఇట్లు జతపఱచు దానికే యాడ్-ఆన్, అనగా అనుబంధమని పేరు. దానిని నిలుపు మూల ప్రోగ్రామును వేదిక యనవచ్చును. అనుబంధములు చేయువారిలో పెద్ద సంస్థలును గలవు: జర్మనీలో ఏరోసాఫ్టు, ఆస్ట్రేలియాలో ఓర్బ్‌ఎక్స్, బోయింగు విమానముల ప్రతి మీటను యథాతథముగా చేసి చూపు పి.ఎం.డి.జి. అను అమెరికా సంస్థ. ఒంటరిగా నింట కూర్చుండి రెండు మూడేండ్లు శ్రమించి యొక విమానాశ్రయమును గట్టువారును, కట్టినదానిని ఊరక పంచిపెట్టువారును గూడ కలరు.

వీరి స్థితిని మన ప్రాంతపు రైతునకు తెలుపుటకు పెద్ద వ్యాఖ్యాన మక్కఱలేదు. వీరు కౌలుదారులు. పొలము వేఱొకరిది, దున్నుట, ఎరువు వేయుట, బావి త్రవ్వుట వీరిది. పొలము యజమాని చేతులు మారినను, ఇక సేద్యము వద్దని యతడు తలంచినను, త్రవ్విన బావిని భుజముపై వేసికొని పోవుట కౌలుదారునకు సాధ్యము కాదు. మన తాతల కాలమున ఈ దుఃఖము పండని యూరు లేదు. అందులకే 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చి, రక్షిత కౌలుదారుడను మాట పట్టాకాగితముల కెక్కినది. కంప్యూటరు పొలములలో నట్టి చట్టము నేటికిని లేదు.

జరిగినది చూడుడు. 2009 జనవరిలో మైక్రోసాఫ్టువారు ఉద్యోగులను తగ్గించుచు, విమానక్రీడను కూర్చు ఏసెస్ అను శాఖనే మూసివేసిరి. దాని వాణిజ్యరూపపు హక్కులను లాక్‌హీడ్ మార్టిన్ అను విమానసంస్థ తీసికొని ప్రిపేర్‌త్రీడీ యను పేర వెలువరించెను. పాత కూర్పు ముప్పదిరెండు బిట్ల పద్ధతిది. అది నాలుగు గిగాబైట్లకు మించి స్మృతి నుపయోగింపజాలదు. అనుబంధములు పెరిగినకొలది, గంటల తరబడి యెగిరి పెద్ద నగరమున దిగబోవు వేళనే స్మృతి చాలక ప్రోగ్రాము ఠక్కున ఆగిపోవుచుండెడిది. ఈ బాధ పడినవారు ప్రపంచమున వేలకొలది. 2017లో ప్రిపేర్‌త్రీడీ అరువదినాలుగు బిట్లకు మారెను. బాధ తీరినది గాని, పాత యనుబంధములలో పెక్కింటిని తిరుగవ్రాయవలసి వచ్చెను. కొన్నింటి నిర్మాతలు అప్పటికే విరమించి యుండిరి. వారి పంట యక్కడనే యెండిపోయినది.

ఈ నడుమ మైక్రోసాఫ్టువారు మఱియొక ప్రయోగము చేసిరి. 2012 ఫిబ్రవరిలో "ఫ్లైట్" అను క్రొత్త క్రీడను వెలువరించి, అందు బయటివారెవ్వరును అనుబంధములు చేర్చరాదనియు, అమ్మవలసినదెల్ల తామే యమ్మెదమనియు నిర్ణయించిరి. కౌలుదారులను వెడలగొట్టి స్వంత సేద్యము చేసిన దొర సంగతియే యైనది. అదే యేట జూలైలో ఆ క్రీడ పని నిలిచిపోయెను. అయిదు నెలలు! డవ్‌టెయిల్ అను బ్రిటిషు సంస్థవారును 2017 మేలో "ఫ్లైట్ సిమ్ వరల్డ్" అనుదానిని తెచ్చి, ఏడాది తిరుగక మునుపే, 2018 ఏప్రిలులో, విరమించుచున్నామని ప్రకటించిరి. ఈ రెండవదాని పతనమునకు కారణములు పెక్కు గలవు. మొదటిదానికి మాత్రము తలుపు మూసికొనుటయే ముఖ్య కారణమని మా నమ్మకము. అనుబంధ నిర్మాతలు లేని విమానక్రీడ సంత లేని యూరువంటిది; చూచివచ్చెదరు గాని కాపుర ముండరు.

నేటి సంగతికి వత్తము. 2020 ఆగష్టు 18వ తేదీన మైక్రోసాఫ్టువారు, ఫ్రాన్సులో బోర్డో నగరపు అసోబో సంస్థచే క్రొత్త కూర్పును వెలువరించిరి. భూమండలమంతయు నుపగ్రహచిత్రములతో నిండి, మన యనంతగిరి యడవియు గుట్టలును సైతము పైనుండి చూడగలుగునట్లు చేసిన ఘనత దానిది. ఆ సంస్థకు 2014 నుండి అధిపతియైన సత్య నాదెళ్ల హైదరాబాదున పుట్టి, బేగంపేట పబ్లిక్ స్కూలున చదివినవారు. విమానాశ్రయమునకు కూతవేటు దూరమున చదివిన బాలుని యేలుబడిలో విమానక్రీడ మరల జీవము పోసికొనుట మనకు సంతోషకరమే. అనుబంధములకును అందు తావు గలదు. క్రీడలోనే యంగడి యొకటి తెరచి, నిర్మాతల సరకు నందమ్ముచున్నారు.

అయినను రెండు మాటలు చెప్పక తప్పదు. ఆ భూమండలము మన యంత్రమునం దుండదు. సంస్థవారి సర్వరులలో నుండి, ఎగురుచున్నంతసేపును తంతిమీదుగా దిగుచుండును. 2024 నవంబరు 19వ తేదీన వచ్చిన తరువాతి కూర్పులో విమానములు సైతము చాలవఱకట్లే దిగును. మొదటి దినముననే జనము విఱుచుకొనిపడగా సర్వరులు తాళజాలక, డబ్బు చెల్లించినవారెందఱో గంటలకొలది తెర యెదుట పడిగాపులు పడిరి. ఆ కూర్పునకు సెకనునకు కనీసము 10 మెగాబిట్ల వేగము కావలెనని, 50 యుండిన మేలని సంస్థవారే చెప్పిరి. మర్పల్లిలో నొక గాలివాన వచ్చి కరెంటు పోయిన సాయంకాలమును తలంచుకొనిన చాలును, ఆ వేగమును నమ్మి ఒక తరగతి పాఠము నడపవచ్చునో లేదో తెలియును. రెండవ మాట: యంగడియు వారిదే, పొలమును వారిదే, పొలమునకు పాఱు నీరును వారిదే. ఏదో యొకనాడు సర్వరులు మూసివేసినచో మిగులునది స్వల్పము. నిన్నటి ఎఫ్.ఎస్.ఎక్స్.ను పాత డిస్కుతో నేటికిని నడపుకొనువారు కలరు. నేటిదానిని ఇరువదియేండ్లకు అట్లు నడపుకొనగలమా? ఇసుకమీద కట్టిన యింటి యుపమానము మన విద్యార్థులు ఆదివారపు బడిలోనే విన్నారు గదా!

ఎక్స్‌ప్లేను సంగతి వేఱు. ఆస్టిన్ మేయర్ అను నతడు 1990 ప్రాంతములనుండియు దానిని విడువక పెంచుచున్నాడు. ఱెక్కను చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కపై గాలి యొత్తిడి నెప్పటికప్పుడు లెక్కకట్టుట దాని పద్ధతి. పన్నెండవ కూర్పు 2022 డిశంబరులో పూర్తిరూపమున వచ్చినది. దృశ్యములు మైక్రోసాఫ్టువారి యంత అందముగా నుండవు. భౌతికశాస్త్రము చదువు పిల్లలకు మాత్రము దీనికన్న మంచి గురువు లేడు. అందలి విమానాశ్రయములను పెక్కింటిని అభిమానులే కట్టి పంపుచుండగా, సంస్థవారు పరీక్షించి అందఱకును పంచుచున్నారు. అయినను ఇదియు నొక్క సంస్థ సొత్తే. ఆ సంస్థ చిన్నది. ఒక మనుష్యుని పట్టుదలపై నిలిచినది.

ఫ్లైట్‌గేరు మాత్ర మెవ్వరి సొత్తును గాదు. 1997 నుండి నానాదేశముల స్వచ్ఛందసేవకులు దానిని కూర్చుచున్నారు. దాని మూలవ్రాతను ఎవరైనను చదువవచ్చును, మార్పవచ్చును, పంచవచ్చును. మార్చి పంచినవాడు తన మార్పులను సైతము తెఱచి యుంచవలెనని నియమము. రూపమున బీదది, నేర్చుకొనుటకు కొంచెము మొండిది. దానిని పొగడువారు ఈ లోపములను దాచుట మాకు నచ్చదు. కాని దృశ్యములను ముందుగానే తెచ్చి పెట్టుకొన్నచో ఇంటర్నెట్టు లేకయే నడచును. నేడు దానిని వ్రాయుచున్నవారందఱు రేపు విరమించినను, వ్రాసినది మన చేతిలోనే యుండును.

ఇచ్చట నొక యాక్షేపణ రాగలదు. అందఱును ఉచితమే కోరినచో, రెండేండ్లు శ్రమించి బోయింగును చేసినవాడు కడుపు నింపుకొనుట యెట్లు? న్యాయమైన ప్రశ్నయే. వెలపెట్టి యమ్ముట తప్పని మేమనుట లేదు. పెన్‌డ్రైవులో నొకరినుండి యొకరు దొంగప్రతులు తీసికొనుట మాత్రము తప్పే యనుచున్నాము. మా విద్యార్థులలో నీ యలవాటు లేదనలేము. ఇతరుని చేనిలో కంకి విఱుచుటకు సిగ్గుపడువాడు ఇందుకేల సిగ్గుపడడో తెలియదు. మఱియొక వైపు, నిర్మాతలందఱును సాధువులనియు ననరాదు. 2018 ఫిబ్రవరిలో పేరుగల సంస్థ యొకటి, దొంగప్రతులు వాడువారిని పట్టుకొను మిషతో, తన ఎయిర్‌బస్ అనుబంధములో సంకేతపదములను లాగికొను ప్రోగ్రామును దాచి యుంచినట్లు బయటపడి, దానిని తొలగింపవలసి వచ్చెను. దొంగను పట్టుటకు అందఱి యిండ్లకును మాఱుతాళము చేయించుట న్యాయమా?

పోటీయే వలదా, అందఱును ఒక్క వేదికపై చేరిన మేలు గాదా యని యడుగువారును గలరు. 2009 తరువాతి సంవత్సరములను చూచినవా రట్లడుగరు. మైక్రోసాఫ్టువారు విడిచిపోయిన ఆ కాలమున ఎక్స్‌ప్లేనును ప్రిపేర్‌త్రీడీయు లేకున్నచో, అనుబంధ నిర్మాతలకు తలదాచుకొను చోటే యుండెడిది కాదు. ఒక్క దొర యున్న యూరిలో కౌలు రేటు ఎట్లుండునో పెద్దల నడుగుడు.

కావున మా సలహా యిది. పాఠశాల కంప్యూటరు గదిలో ఫ్లైట్‌గేరు నుంచవలెను. అందులకు పైసయైన ఖర్చు లేదు. చందాలడిగి తలిదండ్రులను బాధింప నక్కఱలేదు. ఇంట కలిగినవారు మిగిలినవాటిని కొనుక్కొనవచ్చును. కాని అనుబంధములకై రూపాయలు వెచ్చించుటకు ముందు, వేదిక మారినను ఇది పనిచేయునా, సర్వరు మూసినను ఇది నిలుచునా, నిర్మాత విరమించినచో దీని మూలమును బయటపెట్టునా యని యడిగి తెలిసికొనుట నేర్చుకొనవలెను. వేదికల యజమానులును, ఒక కూర్పును మూయునప్పుడు చాలినంత ముందుగా తెలుపుటయు, పాత కూర్పు తంతి లేకయే నడచునట్లు విడిచిపెట్టుటయు తమ ధర్మముగా నెంచవలెను. మర్పల్లి మాట రెడ్‌మండ్ నగరమునకు వినబడునాయని నవ్వువారు నవ్వుదురు గాక.

నిర్మాతలు కాదలచిన బాలబాలికలకు వేఱొక మాట. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను సార్వజనిక పటము 2004లో ఇంగ్లండున నారంభమైనది. దానిలో నెవ్వరైనను తమ యూరి బాటలను, చెఱువులను, కట్టడములను గీయవచ్చును. ఎక్స్‌ప్లేను తన రోడ్లకును, ఫ్లైట్‌గేరు తన యిండ్లకును ఆ పటమునే యాశ్రయించును. మైక్రోసాఫ్టువారి కూర్పులోనికిని దాని లెక్కలు ప్రవేశించినవి. 2020లో మెల్‌బోర్న్ నగరపు శివారున రెండంతస్తుల యింటికి బదులు 212 అంతస్తుల సన్నని గోపుర మొకటి యాకసము నంటుచు లేచినది. ఒక విద్యార్థి ఆ పటములో 2 అని కొట్టబోయి 212 అని కొట్టుటయే కారణము. లోకమంతయు నవ్వినది. మే మందు మఱియొకటి చూచితిమి: ఒక విద్యార్థి వ్రాసిన యంకె ఇంత దూరము ప్రయాణము చేయగలదు. ఈ పటము ఊరుమ్మడి చెఱువువంటిది; ఏ దొర పొలము పండినను నీ రిందునుండియే పోవును. ఇందు చేసిన పని యే వేదిక పోయినను పోదు.

మన మండలమున పని చాల నున్నది. సదాశివపేట రోడ్డు స్టేషను మొదలు మర్పల్లి మీదుగా కోహీర్ దక్కన్ వఱకు రైలుదారికి ఇరువైపుల నున్న యూళ్ల బాటలు, గుడులు, మసీదులు, చర్చీలు, పాఠశాలలు ఆ పటములో నెక్కినవో లేదో, ఎక్కినచో పేర్లు సరిగా నున్నవో లేదో సరిచూడవలెను. కోట్‌పల్లి జలాశయపు గట్టును నడచి చూచినవారు దాని యంచును సరిదిద్దవచ్చును. సెలవులలో నొక్కొక్కరు తమ తమ యూళ్లను చేపట్టిన చాలును. అంకెలు కొట్టునప్పుడు మెల్‌బోర్న్ విద్యార్థిని తలంచుకొని రెండుమాఱులు చూచుకొనవలెను. ఆ పిమ్మట ఫ్లైట్‌గేరులో బేగంపేటనుండి లేచి, రైలుపట్టాలను విడువక పడమరగా సాగినచో వికారాబాదు జంక్షనున దారి రెండగును. ఎడమ దారి తాండూరునకు పోవును, కుడి దారిని పట్టినవారు మర్పల్లి చేరుదురు.